పేపర్లో లేని హెడ్డింగు

"చదువు మే, వింటా ఉండా," అన్నాడు మా ఆయన కేశవులు, గడ్డానికి సబ్బు నురగ పూసుకుంటూ.

పెనం మీద దోసె, నా ఎడమ చేతిలో తమిళ పేపరు. మదనపల్లె నుంచి తమిళనాడులోని ఈ హోసూరుకు ఫ్యాక్టరీ పనికి వచ్చి పంతొమ్మిదేళ్లయినా ఆయనకు తమిళం మాట్లాడడమే వచ్చింది, అక్షరాలు రాలేదు. నేను ఇక్కడికి దగ్గరి సూళగిరిలో పదో తరగతి దాకా తమిళంలో చదివినదాన్ని. అందుకని రోజూ పొద్దున వార్తలు తెలుగులో వినిపించే పని నాది. జీతం లేదు, సెలవు లేదు. పైగా వార్త ఆయన పార్టీకి గిట్టనిదైతే ఆ రోజు చట్నీలో ఉప్పు లేదంటాడు. అందుకే 'అప్పు పెరిగింది' అని ఉంటే 'ప్రభుత్వం ధైర్యంగా ఖర్చు పెట్టింది' అని చదివేదాన్ని. చట్నీ బాగుండేది.

మెల్లగా ఇంకో అలవాటు మొదలైంది. నా మాట నా మాటగా చెబితే "ఇంట్లో కూర్చునేదానివి, నీకేం తెలుసు మే" అనేవాడు. అదే మాట పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చెబితే "కరెక్టుగా రాసినాడు చూడు" అనేవాడు. దాంతో నా అభిప్రాయాలన్నీ పేపర్లోనే అచ్చవుతూ వచ్చాయి.

ఆ పొద్దునకు ముందు రోజే రాష్ట్ర బడ్జెట్ వచ్చింది. సాయంత్రం స్నేహితులతో చర్చ ఉందని ఆయన రెండు పేపర్లు తెచ్చాడు. ఒకదాంట్లో 'మహిళలకు వరాల జల్లు'. ఇంకోదాంట్లో 'ఓట్ల కోసం పందేరం'. ఆడవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే పథకం మాత్రం ఒక్కటే. ఫ్యాక్టరీలకు పన్ను తగ్గించిన వార్తకు మాత్రం రెండూ ఒకే మాట వాడాయి: ప్రోత్సాహం. దోసె మాడిన వాసన వచ్చింది. మాడితే మాడనీ అనుకుని, చదువుతున్నట్టే అన్నాను: "ఫ్యాక్టరీకి ఇస్తే ప్రోత్సాహమంట, ఆడదానికి ఇస్తే పందేరమంట."

బ్లేడు ఆగిపోయింది. "అబ్బ! ఏం రాసినాడు మే!"

సాయంత్రం పైయింటి మురుగన్, ఫ్యాక్టరీ రామచంద్ర వరండాలో కూర్చున్నారు. వంటింట్లో నేను మిరపకాయ బజ్జీలు వేస్తున్నాను. పేపర్లో రాసినాడంటూ నా మాట మా ఆయన గొంతుతో వినబడింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

"ఆడోళ్లకి ఇవన్నీ యాడ అర్థమైతాయి మురుగా! పొద్దున మా ఇంటామెకి గంటసేపు చెప్పినా," అన్నాడు.

తమిళం చదవగలిగిన మురుగన్ రెండు పేపర్లూ తిరగేశాడు. "యాడుందన్నా అది? ఈడ లేదే?"

"ఉంటుంది, బాగా చూడప్పా."

"లేదన్నా."

"ఏమే!" అని కేక. "అది ఏ పేపర్లో ఉంది?"

'ఆ పేజీ బజ్జీల నూనె పీల్చడానికి చించినా' అంటే సరిపోయేది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది కూడా. ఇన్నేళ్లు చదివినవాటిలో ఇదొకటి ఎక్కువా? కానీ ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

స్టవ్వు ఆపాను. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చున్నాను.

"ఏ పేపర్లోనూ లేదు. నేను చెప్పింది."

రామచంద్ర చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. మురుగన్ ముందుకు వంగాడు. "పేపర్లో లేనివి ఇంకా ఏమేం చెప్పినావక్కా?"

"చెప్తా. బాణలిలో బజ్జీలుండాయి. మీలో ఎవరన్నా పోయి తెండప్పా."

మురుగన్ రామచంద్రను చూశాడు, రామచంద్ర మా ఆయనను చూశాడు. చివరికి లేచింది మా ఆయనే.

వంటింట్లోంచి అడిగాడు: "చట్నీ యాడుంది మే?"

"ఆడనే ఉంది. ఉప్పు చూసి తీసుకురాప్పా," అన్నాను.