వెండిరంగు శిలువ

ఈ రంగు ఈసారి మరీ పల్చగా ఉంది, అమ్మ సమాధి మీది శిలువకి రెండు పూతలేసినా కింద తుప్పు కనబడుతూనే ఉంది, ఎల్లుండే సమాధుల పండుగ, ఈ కజకిస్తాన్ గాలి దీపాన్ని వెలగనివ్వదు, రంగుని ఆరనివ్వదు అనుకుంటూ గెనోవెఫా కుంచె దులిపింది, పోలండ్‌ నుంచి, ఆ వార్సా నుంచి వచ్చిన రదోస్వావ్ ఇంకా వెనకే నిలబడి ఉన్నాడు, బామ్మగారూ ఏమంటారు, ఈ ఇనుప ముక్క తీసేసి మీ అమ్మగారికి నల్లరాతి ఫలకం పెడతాం, ప్రవాసంలో పోయిన మనవాళ్ల సమాధులన్నీ ఒక్కలా హుందాగా ఉంటాయి అంటున్నాడు, మంచి పిల్లాడే, టోపీ తీసి మరీ మాట్లాడుతున్నాడు, కాని ఇనుప ముక్క అన్నాడు, ఆ మాట పంటికింద రాయిలా తగిలింది, నిజమే, వంకర శిలువ, చివర్లలో ద్రాక్షతీగ మెలికలు, శిలువకి తీగలేమిటని ఎవరడిగినా ఇన్నేళ్లూ ఆమె మాట దాటేస్తూనే వచ్చింది, మంచం ఊచలని చెప్పడానికి సిగ్గు.

మంచమే మరి, యుద్ధం రోజుల్లో పోలండ్‌లోని తమ ఊళ్లో సోవియట్ సైనికులు తలుపు బాది, దేశం దాటిస్తున్నాం సర్దుకోండి అన్నప్పుడు ఊరంతా పిండీ దుప్పట్లూ మూటగట్టుకుంటే అమ్మమ్మ లుద్వికా ఇనుప మంచం ఊడదీసి బండికెక్కించింది, రైలుపెట్టెలో పొరుగింటి ముసలాయన, ఏమే లుద్వికా, మంచంతో సహా కాపురానికెళ్తున్నావా అని ఎగతాళి చేస్తే, రేపు నీ నడుం పట్టేసినప్పుడు అడుగుతావుగా, అప్పుడు చెప్తా అంది, ఇక్కడికొచ్చిన రెండో చలికాలం టైఫస్ జ్వరంతో అమ్మ పోయింది, ఎటు చూసినా గడ్డే, చెట్టన్నది లేదు, శిలువకి చెక్క ఎక్కణ్ణించి వస్తుంది, అందరూ తమవాళ్లని గుర్తైనా లేకుండా మంచులో పూడ్చి వస్తుంటే అమ్మమ్మ ఆ మంచాన్ని కమ్మరి ఇసాబెక్ దగ్గరికి ఈడ్చుకెళ్లింది, శిలువ చేశానని తెలిస్తే నన్నూ లోపలేస్తారు తల్లీ అంటూనే అతను కొలిమి రాజేశాడు, ఆ రాత్రి మట్టినేల మీద వణుకుతూ మంచం కావాలని ఏడ్చిన చిన్నారి గెనోవెఫాని అమ్మమ్మ తన కోటులోకి లాక్కుని, నోర్మూసుకుని పడుకోవే, మీ అమ్మ దిక్కులేనిది కాదు అంది.

దిక్కులేనిది కాదు, ఆ రైల్లో ఎవరేం తెచ్చుకున్నా తిన్నారు, అమ్ముకున్నారు, పొయ్యిలో పెట్టారు, మా ఇంటిది మాత్రం ఇంకా నిలబడి ఉంది, దీనికా నేను సిగ్గుపడ్డాను, ఛీ, గెనోవెఫా నడుం నిటారుగా పెట్టి వెనక్కి తిరిగింది, నీ రాయి పక్కన పెట్టుకో నాయనా, దీని జోలికి రాకు, ఇది మా మంచం, మా అమ్మమ్మ మా ఊరి నుంచి తెచ్చింది అంది, గొంతు ఇంత గట్టిగా ఉంటుందని తనకే తెలియదు, రదోస్వావ్ తలవంచి తీగ మెలికను వేలితో తాకాడు, పచ్చిరంగు అంటుకుంది, ఆమెకి నవ్వొచ్చింది, గుండె నిండిపోయింది, ఆ చలికాలమంతా నేలమీద పడుకున్నది మేమే, అమ్మ కాదు.