పిలక పెరిగేలోపు

శివరాత్రి ఇంకా నెల్లాళ్లుందనగా, అందరూ ఉదయం అని పిలిచే ఉదయభాస్కర్ జుట్టు చెవుల్ని కప్పేసి, మెడ మీద కొసలు పైకి తిరిగి, ఎందుకూ పనికిరాని పొడుగుకి వచ్చింది. దువ్వితే నిలవదు, ముడేద్దామంటే అందదు. అమలాపురంలో అతను పనిచేసే సెల్‌ఫోన్ల షోరూము మేనేజరు మొదట్లో నవ్వాడు, తరవాత టోపీ పెట్టుకోమన్నాడు, చివరికి కౌంటరు మీంచి తీసి వెనకాల స్టాకు గదిలో కూర్చోబెట్టాడు.

ఆ జుట్టు వెనక కథ శ్రావణంలో మొదలైంది. కొత్తపేట దగ్గర ఊళ్లో శివాలయం అర్చకత్వం నాలుగు తరాలుగా ఉదయం వాళ్ల ఇంటిది. ఇప్పుడు చేస్తున్నది పెదనాన్న సత్యనారాయణమూర్తిగారు. ఆయనకి పిల్లల్లేరు. మోకాళ్లు రెండూ అరిగిపోయి, లింగం ముందు కూర్చుంటే లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వస్తోంది. గుడి కమిటీ ప్రెసిడెంటు పోలిరాజు అరుగు మీద కూర్చుని సంగతి కదిపాడు.

"శివరాత్రికి తెల్లారగట్లనించీ అభిషేకాలండి. మీ వల్ల అవదు. మీ తమ్ముడుగారబ్బాయికి మంత్రం వచ్చంటన్నారు, నిజవేనా అండి?"

"చిన్నప్పుడు నేనే చెప్పేను. నమకం, చమకం తప్పు లేకుండా చెప్తాడు."

"మరి ఆ తలేంటండి? కోడిపుంజులాగ లేపుకుని తిరుగుతాడు. ఆ తలతో తీర్థం ఇస్తే ఊరు చెయ్యి పట్టదండి. కె.గంగవరంలో ఒకాయన ఉన్నారు. గొంతుంది, పిలకుంది. రమ్మంటే రేప్పొద్దున్నొచ్చి వాలతారు."

అలా వాలినాయన మళ్లీ లేచి వెళ్లడని అక్కడున్న ఇద్దరికీ తెలుసు. సత్యనారాయణమూర్తిగారు శివరాత్రి దాకా గడువడిగి, ఆ సాయంత్రమే ఉదయాన్ని పిలిపించారు.

"పిలకుంటే గర్భగుళ్లోకి రా. లేదంటే బయట పువ్వులు కోసుకో."

"ఎంత పొడుగు పెంచాలి పెదనాన్నగారూ?"

"పెంచు చూద్దాం" అన్నారాయన.

ఉదయానికి ఆ గుడి కావాలి. రుద్రం చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే కొత్తగా వినపడుతుందని భార్య శ్రీవల్లితో ఒకసారి అన్నాడు కూడా. షోరూము కూడా కావాలి. అందుకని ఒక ఉపాయం ఆలోచించాడు. తలంతా పెంచేసి, పగలు వెనక్కి రబ్బరు బ్యాండు వేస్తే ఫ్యాషను, పొద్దున్నా సాయంత్రం ముడేస్తే పిలక. ఐదు నెలలు కత్తెర తగలనివ్వలేదు.

"నా క్లిప్పులన్నీ మీరే పెట్టేసుకుంటున్నారు. ఇంట్లో ఇద్దరాడాళ్లం కాపరం చేస్తున్నట్టుందండీ" అనేది శ్రీవల్లి.

స్టాకు గదిలో వారం కూర్చున్నాక అతనికి ఓపిక పోయింది. ఆదివారం అమలాపురంలోనే ఒక ఏసీ సెలూనుకి వెళ్లాడు.

"పెంచుకుంటున్నాను. పొడుగు తగ్గకూడదు. ఈలోపు మనిషిలా కనపడితే చాలు" అని చెప్పాడు.

"అర్థమైందండి. పెరిగేదాకా లాగించే కటింగు. లేయర్స్ చేసేస్తా. పొడుగు పొడుగే ఉంటాది, బరువు పోద్ది" అన్నాడు సెలూను కుర్రాడు. పళ్లున్న కత్తెర తీసి, పాయలు పాయలుగా పైకెత్తి, నలభై నిమిషాలు శ్రద్ధగా కత్తిరించాడు. అద్దంలో చూసుకుంటే నిజంగానే బావుంది. సోమవారం మేనేజరు ఒకటికి రెండుసార్లు చూసి మళ్లీ కౌంటరు మీదికి పంపాడు.

మంగళవారం పొద్దున్న ఉదయభాస్కర్ ముడి వేసుకుని చూశాడు. చేతిలోకి వచ్చిన జుట్టు వచ్చినట్టే జారిపోయింది. నూనె రాసి శ్రీవల్లి ప్రయత్నించింది. నాలుగు వైపులనించీ పొట్టి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"మొన్నటిదాకా గుప్పెడైనా చేతికి చిక్కేది. ఇప్పుడు దేని దారి దానిదేనండీ" అంది ఆవిడ దువ్వెన కింద పెట్టేస్తూ.

ఊళ్లో పంటకాలవ గట్టు మీద సూర్యారావు సెలూను ఉంది. ఉదయం ఆ మెట్లెక్కి పదేళ్లయింది. మంగళవారం సూర్యారావు కత్తెర పట్టడు కనక బుధవారం దాకా ఆగి, షోరూముకి సెలవు పెట్టి వెళ్లాడు. సూర్యారావు తలలో వేళ్లు పెట్టి నిదానంగా తడిమాడు.

"ఎవరండీ కోసేరు?"

"అమలాపురంలో."

"కుర్రోడు పనోడేనండి. మీరేం చెప్పేరు?"

"పొడుగు తగ్గకూడదన్నాను."

"ముడెయ్యాలని చెప్పేరా?"

ఉదయం అడ్డంగా తలూపాడు.

"చెప్పలేదు కదండీ. ముడికి జుట్టంతా ఒక్క కొలతలో ఉండాలండి. ఇది మెట్లు మెట్లుగా ఉంది. చూసుకోడానికి బావుంటాది, కట్టుకోడానికి పనికిరాదు."

"ఇప్పుడెలాగ?"

"రెండు దారులండి. సవరం తెచ్చి నల్లదారంతో కట్టేస్తాను, దూరంనించి ఎవరూ పోల్చలేరు. అభిషేకంలో తడిస్తే మాత్రం నా పూచీ లేదు."

"రెండోది?"

"అన్నిటికన్నా పొట్టి వెంట్రుక ఎక్కడుందో అక్కడికి నడినెత్తి జుట్టంతా సమానం చేసెయ్యాలి. మూడు వేళ్ల పొడుగు మిగులుతుంది. చుట్టూరా మిషనెట్టి తీసెయ్యాలి. ముడికి ఇంకో ఏడాది చూసుకోండి."

"ఆ తలతో షోరూముకి..."

"అది మీరు చూసుకోవాలండి. మిషను పెట్టేక మళ్లీ అతికించలేను. ఆలోచించుకోండి, ఈలోపు కత్తి కడుక్కొస్తాను."

అతను కత్తి కడిగి, తుడిచి, అద్దం కింద పెట్టేదాకా ఉదయం అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. చెవుల మీదికి పడిన జుట్టు ఇప్పటికీ బాగానే ఉంది. సవరం తడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు.

"తీసెయ్యి సూర్యారావ్."

నడినెత్తిన గుండ్రంగా పాయ తీసి, రబ్బరు బ్యాండు చుట్టి, మిగిలినదంతా సూర్యారావు మిషనుతో దింపేశాడు. తరవాత బ్యాండు విప్పి, పాయని దువ్వి, కొసలు ఒక్క వరసలో కత్తిరించాడు. పావుగంట కూడా పట్టలేదు. తలంతా బోడిగా, దాని మీద గుప్పెడు పొట్టి జుట్టు, ఒలిచిన కొబ్బరికాయకి వదిలిన పీచులా నిలబడింది.

ఉదయం తిన్నగా పెదనాన్నగారింటికి నడిచాడు. ఇంకా స్నానం కాలేదు కనక అరుగెక్కకుండా వాకిట్లోనే ఆగిపోయాడు. పోలిరాజు అప్పటికే వచ్చి శివరాత్రి ఏర్పాట్లు మాట్లాడుతున్నాడు. ఉదయాన్ని చూసి మాట మధ్యలో ఆపేశాడు.

"ఇదేంటండి బాబూ? ఐదు నెలలు పెంచి తేల్చిందిదా? గంగవరం ఆయనకి వీపు సగం దాకా ఉందండి."

"పొరపాటు నాదే పెదనాన్నగారూ" అన్నాడు ఉదయం. "ముడి పడడానికి ఏడాది పడుతుందిట. మీరు కాదంటే పువ్వులే కోస్తాను."

"ఇలా వచ్చి వంగు."

క్షౌరమైన తలని తాకితే తనకీ స్నానం తప్పదు. అయినా సత్యనారాయణమూర్తిగారు అరుగు మీంచి చెయ్యి చాచి, వేళ్లతో ఆ గుప్పెడు జుట్టు అంచంతా తడిమి చూశారు.

"పిలక ఆవు గిట్టంత వెడల్పుండాలంది శాస్త్రం. ఉంది."

"పొడుగు మాటేంటండి మరి?" అన్నాడు పోలిరాజు.

"పొడుగు సంగతి నేనెప్పుడైనా అన్నానా రాజుగారూ? చుట్టూ తీసేసి ఇంత ఉంచితే పిలక. తీయకుండా ఎంత పెంచినా అది జుట్టే."

ఉదయం తలెత్తాడు. "ఈ ముక్క శ్రావణంలోనే చెప్పొచ్చు కదండీ? ఆవేళే చేయించుకుందును."

"చేయించుకోవు. నువ్వడిగింది ఎంత పెంచాలనే గాని, ఎంత తీసెయ్యాలని అడగలేదు." ఆయన చేతికర్ర అందుకున్నారు. "ముందు నువ్వు నీళ్లు పోసుకుని, నాకూ రెండు బిందెలు తోడు. సాయంత్రం పూజ నువ్వే చెయ్యాలి. రాజుగారు కూర్చుని వింటారు. గంగవరం సంగతి ఆ తరవాత ఆయనిష్టం."

నూతి దగ్గరికి వెళ్లేముందు ఉదయం మేనేజరుకి ఫోను చేశాడు.

"ఇంకేంటయ్యా, కటింగు చేయించుకున్నావుగా, బావుందని చెప్పేనుగా?"

"మళ్లీ చేయించుకున్నానండి. రేపటినించి రాను."

సాయంత్రం పోలిరాజు గుడి మండపంలో స్తంభానికి ఆనుకుని, కళ్లు మూసుకుని, మొదటినించి చివరిదాకా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోను మోగితే ఎవరిదో చూడకుండానే ఆపేశాడు. హారతి కళ్లకద్దుకున్నాక గుమ్మం దగ్గరికి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"గొంతు బావుందండి ఉదయంగారూ. గంగవరం ఆయనకి వద్దని నేనే చెప్తాను."

ఇంకా వెళ్లకుండా అతని తల వైపే చూస్తూ నిలబడ్డాడు.

"శివరాత్రికి పద్దెనిమిది రోజులుందండి. ఈలోపు చుట్టూ మళ్లీ మొలిచేస్తాది. ముందురోజు ఓసారి మిషనెట్టించెయ్యండి."

"ఆయ్, ముందురోజు శనివారమండి, ఆ ముందు శుక్రవారం, రెండూ క్షౌరానికి పనికిరావు. గురువారమే పెట్టించేస్తాను" అన్నాడు ఉదయం.