ఫ్లాటు ఎవరి పేరున

ఆడబడుచు మొగుడు ధనరాజ్ జీడిపప్పు పొట్లంతో గుమ్మంలోకి అడుగుపెట్టినప్పుడే సుహాసినికి అనుమానం వేసింది. ఇరవై ఏళ్ళుగా ఆయన కోటబొమ్మాళి నుంచి గజపతినగరం వచ్చినప్పుడల్లా వెంట తెచ్చింది సలహాలే. అవీ ఎవరూ అడగనివి. అలాంటి మనిషి తన కొత్త ఫ్యాక్టరీ పప్పు, అదీ ఒక్క బద్దయినా విరగని పప్పు కిలో పట్టుకొచ్చాడంటే వెనక ఏదో గట్టి పనే ఉండాలి.

ఉంది. కాఫీ సగం తాగాక బయటపడింది.

“ఒరే త్రినాథూ, ఇల్లు అమ్మేసినావు, బాగున్నాది. ఇజీనగరంలో కొనే ఫ్లాటు మాత్రం నీ పేరునే రాయించుకో. ఆడోల పేరున రెండోపాలి కొంటే ఇన్‌కంటేక్సోలు ఎంటపడతారు.”

“అలాగేటి అన్నయ్యా?” అంది సుహాసిని, ఎక్కడలేని అమాయకత్వం మొహానికి పులుముకుని.

“మరేటనుకున్నావు సెల్లెమ్మా! మా ఊర్లో ఒకాయనకి ఆరు లచ్చలు పడ్డాది.”

“ఆయన పేరేటన్నయ్యా?”

“పేరెందుకులే, పాపం,” అని ధనరాజ్ మిగిలిన కాఫీలో తల దూర్చాడు.

అమ్మిన ఇల్లు సుహాసిని పేరున ఉండడం వెనక ప్రేమేమీ లేదు, శని ఉన్నాడు. కొన్ననాడు ఆమె మొగుడు త్రినాథ్‌కి ఏలినాటి శని నడుస్తోంది. “ఆడి పేరున కొంటే ఇల్లు కాదు, గొడ్లసావిడి కూడా నిలబడదు” అని అత్తగారు లక్ష్మీనరసమ్మ తేల్చేసి, కోడలి జాతకం చూపించి మరీ కోడలి పేరున రిజిస్ట్రేషన్ చేయించింది. ఇప్పుడు కూతురు చరిత చదువు కోసం విజయనగరం మారుతున్నారు. నాలుగు లక్షలకు కొన్న ఇల్లు నలభై ఎనిమిదికి పోయింది. డబ్బు సుహాసిని ఖాతాలోనే పడింది. శని ఎప్పుడో వెళ్ళిపోయాడు కాబట్టి, ఇక ఆమె పేరు కూడా వెళ్ళిపోవచ్చన్నమాట.

ఆ వారమంతా మొగుణ్ణి ఓ కంట కనిపెట్టింది. మేడమీద ఫోన్లు. “బావా” అని మొదలై “సూద్దాంలే” అని ముగిసే మాటలు. విత్తనాల కొట్టు పెందలాడే మూసి ఇంటికి రావడం. చారులో ఉప్పు వేయడం మరిచిపోయిన రోజు కూడా చారు బాగుందన్నాడు. అక్కడ ఆమె అనుమానం పూర్తిగా ఖాయమైపోయింది.

“ఏటండీ, ఇంతకీ ఫ్లాటు ఎవరి పేరున?”

“ఎవరి పేరైతే ఏటే? అందులో ఉండేది మనమే కదా. ముందు చెక్కు మీద సంతకమెట్టు.”

“ఇవాళ మంగళవారం. ఇంట్లోంచి డబ్బు కదపకూడదు.”

బుధవారం చెక్కుబుక్కు కనబడలేదు. బియ్యం డబ్బాలో అది హాయిగానే ఉంది. గురువారం తలనొప్పి. శుక్రవారం లక్ష్మి గడప దాటకూడదాయె. అత్తగారు నేర్పిన ఆచారాలు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చాయి.

చివరికి త్రినాథే బావకు ఫోన్ చేశాడు. “ఇజీనగరంలో ఒక ఆడిటరమ్మ ఉన్నాదంట బావా, అడిగేద్దాం. నువ్వూ రావాల. ఇయన్నీ నీకైతేనే తెలుస్తాయి.”

ధనరాజ్ ఉబ్బిపోయి రైలెక్కేశాడు. సుహాసిని అనుమానం రెండింతలైంది. తన నోరు మూయించడానికి ఇద్దరు చాలక మూడో మనిషిని కుదిర్చారు. ఆ ఆడిటరమ్మా వీళ్ళ మనిషే అయ్యుంటుంది.

ఆడిటర్ రాజకుమారి కళ్ళజోడు పైనుంచి ముగ్గురినీ చూసి ఒక్కటే అడిగింది. “అమ్మిన ఇల్లు ఎవరిదండీ?”

“నాది,” అంది సుహాసిని. ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి.

“అయితే కొనేదీ మీ పేరునే కొనండి. ఇల్లమ్మగా వచ్చిన లాభంతో రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొనుక్కుంటే ఆ లాభం మీద పన్నుండదు. అమ్మింది ఒకరు, కొన్నది ఇంకొకరు అయితే పేచీ వస్తుంది. కోర్టుల చుట్టూ తిరిగే ఓపికుంటే మీ ఇష్టం. లేదంటే అయిదున్నర లక్షల పైచిలుకు కట్టుకోవాలి.”

“మరి ఆడోల పేరున ఉంటే ఎంటపడతారని...” ధనరాజ్ నసిగాడు.

“ఎవరు చెప్పారండీ?”

“మా ఊర్లో ఒకాయన.”

“ఆయన పేరు?”

ధనరాజ్ తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

బయట టీకొట్టు దగ్గర ఆయన ఇక ఆగలేకపోయాడు. “మరి నా లోను సంగతేట్రా? ఫ్యాక్టరీ లోనుకి నీ ఫ్లాటు తాకట్టెడదామనుకున్నాం కదా!”

సుహాసిని మొగుడి వైపు చూసింది. మొగుడు చొక్కా గుండీల వైపు చూసుకున్నాడు. అక్క మొగుడికి కాదని చెప్పడం ఆ వంశంలో ఎవరికీ చేతకాదు. బావ అడిగితే ఒంటిమీద చొక్కా విప్పిచ్చేసి చలిమంట వెతుక్కునే రకాలు.

“నానేటి సేసేది బావా? గవర్నమెంటే ఒప్పుకోనన్నాది,” అన్నాడు త్రినాథ్. గొంతులో బాధ ఉంది గానీ, ఉండాల్సినంత లేదు.

“పోనీ, సెల్లెమ్మే సంతకమెడతాది. ఏటమ్మా?”

“ఎట్టకేం అన్నయ్యా! కానీ నా జాతకంలో కొనడం వరకే ఉన్నాదంట. తాకట్టు పెట్టే యోగం లేదంట. నమ్మకం లేకపోతే మీ అత్తగారినే అడగండి.”

ధనరాజ్ టీ చల్లారనిచ్చి, ఎవరికీ చెప్పకుండా స్టేషన్ వైపు నడిచాడు.

తిరుగు రైల్లో త్రినాథ్ ఉడకబెట్టిన పల్లీలు కొన్నాడు. చాలా రోజుల తర్వాత కాళ్ళు బారజాపి కూర్చున్నాడు.

“కొన్నాక మూడేళ్ళు అమ్మకూడదంట సుహా. అమ్మితే తప్పిన పన్ను మల్లీ మెడకి సుట్టుకుంటాది. తాకట్టెట్టాలన్నా పేరున్నోలే ఎట్టాలంట. మొగుడు సంతకమెడతానన్నా సెల్లదంట.”

“ఎవరన్నారు?”

“ఆడిటరమ్మే.”

ఆడిటరమ్మ గదిలో సుహాసిని మొదటి నుంచి చివరి దాకా కూర్చునే ఉంది. మూడేళ్ళ మాట గానీ, తాకట్టు మాట గానీ అక్కడ ఎవరూ ఎత్తలేదు.

“ఎప్పుడన్నాది?”

త్రినాథ్ కిటికీలోంచి పొలాల వైపు తిరిగాడు. “పల్లీలు తిను. సల్లారిపోతాయి.”

సుహాసిని తిన్నది. తింటూనే, ఈ మనిషి ఇరవై ఏళ్ళలో “నాకేటీ తెలీదే” అని చెప్పిన సందర్భాలన్నీ మొదటి నుంచి ఒక్కొక్కటిగా తవ్వుకోవడం మొదలుపెట్టింది.