పిల్లలకోడి చుట్టూ మసక

మట్టి రంజనులోని నీళ్లలో వేలు ముంచి చూశాడు వెంకటరాజం. ఇంకా చల్లబడలేదు. నీళ్లు వెచ్చగా ఉంటే ఫోటో గాజుపలక మీది మందుపూత మీగడలా ముడతపడి జారిపోతుంది. రాత్రి పడ్డ కష్టం మోరీపాలవుతుంది. రంజనుకు మళ్లీ తడి గోనెపట్టా చుట్టాడు. సాయంత్రం దాకా ఆగాలి. ఆగడమే అతనికి చేతకాదు.

నందికొండలో డ్యాం కట్టే కూలీలకు గుర్తింపు కార్డు ఫోటోలు తీయడం అతని బతుకుదెరువు. చుక్కల ఫోటోలు తీయడం అతని పిచ్చి. వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నట్టుంది వీని వ్యవహారమని బస్తీవాళ్లు నవ్వేవాళ్లు. సాలెల ఇంట పుట్టినవాడు. మగ్గం వదిలినా చేతి నిదానం వదల్లేదు. కెమెరాను ఇరుసు మీద బిగించి, చుక్క నడిచే నడకకు సరిగ్గా మరను వేళ్లతో తిప్పుతూ కూర్చుంటాడు.

పిల్లలకోడి అనే చుక్కల గుంపు చుట్టూ సన్నని మసక ఉంటుందని ఒక పాత పత్రికలో చూశాడు. ఆ మసకకు సొంత వెలుగు లేదట. చుక్కల వెలుగే దుమ్ము మీద పడి అలా కనిపిస్తుందట. డ్యాం దగ్గర దీపాల చుట్టూ రాతిదుమ్ము మెరవడం రోజూ చూసేవాడికి అందులో వింతేమీ లేదు. అది తన పలక మీదికి ఏండ్లుగా రాకపోవడమే వింత. ఇక కొండమీద కరెంటు స్తంభాలు పాతారు. ఇవాళ్టి నుంచే లైట్లు వేస్తారట, ఆ వెలుతురులో ఇక మసక పలకకెక్కదు. నిన్న రాత్రి వెన్నెల పోయాక తీసిందే ఆఖరు.

నిన్న దసరా. పనిముట్లకు బొట్టు పెట్టడం సాలెవాళ్ల ఆనవాయితీ. అతని భార్య సుగుణమ్మ మగ్గపు పాత నాడెకు పెట్టింది, కత్తెరకు పెట్టింది, నూనెలో తడిపిన కుంకుమ తీసి కెమెరా అద్దం నడిమధ్యన కూడా పెట్టింది. సాయంత్రం చూసి ధోవతి చెంగుతో తుడిచేశాడు. పొద్దున వెలుతురులో చూస్తే అద్దం మీద జిడ్డు చార ఇంకా ఉంది. పలక మీద మసక కనిపిస్తే మాత్రం, అది ఆకాశానిదో జిడ్డుదో ఎలా నమ్మడం?

"అద్దానికి బొట్టెవరు పెట్టమన్నరు నిన్ను?" అని అరిచాడు.

"గా కన్నే గద మనకు బువ్వ పెడుతున్నది. కన్నుకు మొక్కొద్దా?" అంది సుగుణమ్మ.

"నా పాణం తీసినవ్ పో."

ఆమె అన్నం పెట్టి అవతలికి జరిగింది. అతనికి ముద్ద దిగలేదు.

మధ్యాహ్నం రాళ్లు మోసే జంగయ్య వచ్చి స్టూలు మీద బిగుసుకుని కూర్చున్నాడు. వెంకటరాజం తల మీద నల్లగుడ్డ కప్పుకుని ఫోటో తీశాననుకున్నాడు.

"అన్నా, మూత తియ్యలే గద," అన్నాడు జంగయ్య. "మొఖమంత చెమటున్నది. దవాఖానకు పోరాదు?"

"ఏం లేదు. రాత్రి నిద్ర లేదు."

ఎడమ చెయ్యి భుజం నుంచి లాగుతోంది. తెల్లారేదాకా మర తిప్పిన చెయ్యి అదే కాబట్టి లాగదా మరి అనుకున్నాడు.

పొద్దు వాలాక నీళ్లు చల్లబడ్డాయి. చీకటిగదిలో పలకను మందులో కడిగి, తడితడిగానే తెచ్చి కిటికీలో చెక్క పీట మీద నిలబెట్టాడు. సుగుణమ్మ గుమ్మం దగ్గరే నిలబడింది.

"వచ్చిందా?"

"తడి మీద ఏం తెల్వది. ఆరనియ్యి." పలక వైపు వేలు చూపాడు. "చుక్కలు దీంట్ల నల్లగ పడుతయ్. గుంపుగ ఉన్నది కోడి. దూరంగ ఒంటిగ ఉన్నది పెద్దచుక్క. రెండిటి చుట్టు మసక ఉంటే నీ బొట్టు. కోడి చుట్టే ఉండి, పెద్దచుక్క సాఫ్‌గ ఉంటే..."

పొద్దున అన్న మాటకు అతనికి సిగ్గుగానే ఉంది. పలక ఆరాక, తప్పు ఆమెది కాదని తేలాక, చెబుదామనుకున్నాడు.

"జర చాయ్ పెట్టు," అన్నాడు.

ఆమె చాయ్ తెచ్చేసరికి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, తల కిటికీ వైపు వాల్చి ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. కొండమీద లైట్లు వెలిగాయి. చాయ్ చల్లారిపోయింది.

మట్టి చేసి అందరూ వెళ్లిపోయిన మర్నాడు గాని సుగుణమ్మకు ఆ పలక దగ్గరికి పోయే ధైర్యం రాలేదు. పాణం తీసినవ్ అన్న మాట చెవిలోంచి పోవడం లేదు. అది నిజమేనని ఈ గాజుముక్క చెబితే తాను ఎలా బతకాలి? పలకను వెలుతురుకు ఎత్తి పట్టింది. ముందు పెద్దచుక్కను వెతికింది. సూదితో పొడిచినంత సాఫ్‌గా ఉంది. తర్వాత గుంపును చూసింది. దాని చుట్టూ ఊపిరి తగిలినట్టు సన్నటి మసక.

"బొట్టు గాదయ్యా," అంది గోడతో. అప్పుడు ఏడ్చింది.

పలకను మళ్లీ పీట మీదే నిలబెట్టింది. తడి ఆరకముందే పట్టుకున్నట్టున్నాడు, మూలన అతని బొటనవేలి గీతలు పూతలో దిగి అలాగే ఆరిపోయి ఉన్నాయి.