వెనక ఫుట్‌రెస్టులు

రోజూ పొద్దున ఆరున్నరకు ఆవిడ భర్తను మంచం మీంచి లేపి, వాకర్ చేతికందించి, బాత్రూం దాకా నడిపించేది. ఆ తర్వాత టిఫిను, మాత్రలు, కిటికీ పక్కన కుర్చీ. ఎనిమిదింటికి మెట్ల కింద గది తాళం తీసి ఎర్ర బండిని బయటికి తోసుకొచ్చేది. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు అమర్చే పని ఆవిడది. అర మిల్లీమీటరు తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పే కాబట్టి, కొలతల దగ్గర ఆవిడ ఎవరి మాటా వినదు.

బండి మాత్రం భర్తది. బైకుల ఫ్యాక్టరీలో కొత్త బళ్ళు నడిపి చూసే ఉద్యోగం ఆయనది. సొంతానికని ఈ స్పోర్ట్స్ బైకు కొనుక్కుని పన్నెండేళ్ళు ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పదకొండు నెలల కిందట ఫ్యాక్టరీ ట్రాకు మీద జారిపడితే తుంటి విరిగింది. రెండు ఆపరేషన్లయ్యాయి. బండి అమ్మేద్దామంటే మొహం అటు తిప్పుకున్నాడు. ఊరికే తుప్పు పట్టిపోవడం ఎందుకని ఆవిడే నడపడం నేర్చుకుంది. నేర్చుకుందన్నమాటే గానీ, ఆ బండి ఫుట్‌రెస్టులు పందేలవాళ్ళ వాటానికి ఎత్తుగా, బాగా వెనక్కి ఉండేవి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కడం గగనమయ్యేది.

ఓ ఆదివారం బండి తీసుకుని విడిభాగాల షాపుకెళ్ళింది. ఆ షాపాయన్ని ఊరంతా బోల్టు బాబాయ్ అంటారు. ఆయన ఆవిడను బండి మీద కూర్చోబెట్టి, నడుము నుంచి మోకాలికి, మోకాలి నుంచి మడమకి దారం పట్టి కొలిచి, నాలుగు రకాలు గల్లా మీద పరిచాడు.

"ఇవి చవక. కానీ మూడే బెజ్జాలు, నీ కొలతకి మధ్యలో ఇరుక్కుంటావ్. ఈ ఇనపవి గట్టివే, బరువెక్కువ. ఇవి చూడు, అల్యూమినియం. ప్లేటుకి ఎనిమిది బెజ్జాలు. పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు. పట్టు గరుకుగా ఉంటుంది, వానలో కూడా బూటు జారదు."

"అన్నిటికంటే కిందికి దించేస్తే?"

"మలుపులో బండి వాలినప్పుడు రోడ్డుకి రాసుకుంటాయి. సుఖం కావాలని మరీ దించకు. గేరు లివరు, బ్రేకు పెడలు కూడా వీటితోపాటే జరపాలి, అది నేను చూసుకుంటా. ముందువి ఒక్కటేనా, వెనకవి కూడానా?"

తుంటి మరీ మడవకుండా కూర్చోగలిగితే భర్తను బయట తిప్పొచ్చని డాక్టరు అన్నాడు. "వెనకవి కూడా వెయ్యి బాబాయ్. ఆయన్ని ఎక్కించుకుని ఓసారి ఊరంతా తిప్పాలి. కిటికీలోంచి చూసీ చూసీ మనిషి సగమైపోయాడు."

"సరే. పాత బండి కదమ్మా, కొన్నాళ్ళు తనకి తెలిసిన కాళ్ళనే వెతుక్కుంటుంది. పొద్దున్నే లేచి మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది. విసుక్కోకు."

"తెలుసులే. మా అత్తగారు పోయాక ఆవిడ కుట్టుమిషనూ నెల్లాళ్ళు అలాగే చేసింది."

ఇంటికొచ్చి చెబితే భర్త కుర్చీలోంచి లేవబోయి, నొప్పికి మళ్ళీ కూలబడ్డాడు. "వెనకవెందుకు మార్పించావ్?"

"మీకోసమే."

"నేనెక్కను. రేపే తీయించెయ్."

మనసు విరిగిన మనిషి, ఏదో ఒకటి అంటాడని ఆవిడ పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున చూస్తే ముందు ఫుట్‌రెస్టులు ఆయన వాటానికి వెళ్ళిపోయి ఉన్నాయి. అనుకున్నదే. పనిముట్ల సంచీ తీసి తన కొలతకి తెచ్చుకుంది. వెనకవి చూసి మాత్రం ఆగింది. ఆయన కోసమని అట్టడుగు బెజ్జంలో పెట్టించినవి అన్నిటికంటే పైబెజ్జంలో ఉన్నాయి. అక్కడ పాదం పెడితే ఎదిగిన మనిషికి మోకాలు గడ్డానికి తగులుతుంది. దించి పెట్టింది. మర్నాడు మళ్ళీ పైనే. పైగా తడిగా ఉన్నాయి. వేలు పెట్టి వాసన చూస్తే ఆస్పత్రి నీళ్ళలాంటి మందు వాసన.

వారం తిరిగేసరికి అవి రెండో బెజ్జంలోకి వచ్చాయి. పై వారం మూడో బెజ్జం. తర్వాత నాలుగు. ఐదు దగ్గర ఆగిపోయాయి. ఇక కదల్లేదు. ముందువైతే వారంలోపే ఆవిడ కాళ్ళకు అలవాటు పడిపోయాయి.

ఆ రోజుల్లోనే షాపుకి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. "పోయినేడాది మీరే ఇచ్చారండీ ఈ ఫ్రేము. అప్పుడే చెవుల దగ్గర నొక్కేస్తోంది. ఏం పెట్టి పెంచుతున్నారని అందరూ అడుగుతున్నారు," అని మురిసిపోయింది. పాత ఫ్రేమునూ కొత్త ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి కొలుస్తూ కొలుస్తూ ఈవిడ ఆగిపోయింది. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. ఏడాదికి ఇంత. ఒకే పిల్ల, ఏడాదికి ఇంత, బెజ్జం తర్వాత బెజ్జం.

సాయంత్రం నేరుగా బోల్టు బాబాయ్ దగ్గరికి వెళ్ళింది. "ఎవరి కాళ్ళు బాబాయ్ ఇవి?"

ఆయన వంగి చూసి, జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. "నన్నడక్కమ్మా."

"నిన్నే అడుగుతున్నా."

"మొదట్లో నాలుగైదేళ్ళుంటాయేమో. ఇప్పుడు పది. చెప్పుల్లేని కాళ్ళు. ఈత కొలను నీళ్ళు," అని లోపలికెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి కాఫీ కలిపి, భర్తకిచ్చి, ఎదురుగా కూర్చుంది. "పాపా, బాబా?"

"ఏంటి?"

"వెనక కూర్చునేది. పాపా, బాబా?"

ఆయన కప్పు పక్కన పెట్టాడు. "పాప," అన్నాడు.

"ఎన్నేళ్ళు?"

"పది నిండాయి."

"మనిద్దరం చాలన్నావు." ఇరవయ్యేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. "బళ్ళ మీద బతికేవాణ్ణి, నాకేదైనా అయితే పిల్లల్నెవరు చూస్తారన్నావు. ముప్పై మూడేళ్ళప్పుడు నీ కాళ్ళావేళ్ళా పడ్డాను. గుర్తుందా?"

"అప్పటికే పుట్టింది," అన్నాడు, గోడకి చెబుతున్నట్టు.

ఆవిడ ఏడవలేదు. "ఈ పదకొండు నెలల్లో వాళ్ళకి ఫోనైనా చేశావా?"

"ఈ అవతారంతో ఏమని చెయ్యను?"

అన్నిటికంటే ఆ మాటకే ఆవిడకి ఒళ్ళు మండింది. తనని మోసం చేసినందుకు కోపం ఎటూ ఉంది. ఒక పసిదాన్ని అలా ఎదురుచూడమని వదిలేసి మర్చిపోయిన మనిషికా తను రోజూ స్నానం చేయిస్తోంది? ఆ పాపని ఎక్కడ, ఎప్పుడు కలిసేవాడో చెప్పించుకుంది. శనివారం నాలుగింటికి, ఈత కొలను దగ్గర. వాళ్ళమ్మ అక్కడే పిల్లలకి ఈత నేర్పుతుంది.

శనివారం ఆవిడ తిట్టడానికే బయల్దేరింది. దారంతా మాటలు పేర్చుకుంది. కొలను గేటు ముందు బండి ఆపిందో లేదో, తడి జుట్టుతో, చేతిలో చెప్పులు పట్టుకుని ఒక పిల్ల "నాన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. హెల్మెట్ తియ్యగానే రెండడుగుల దూరంలో ఆగిపోయింది. వెనకే భుజాన తువ్వాలుతో వాళ్ళమ్మ.

"మీరు... ఆయన భార్య కదూ?"

"నేను నీకు తెలుసా?"

"మీరున్నారని తెలుసు. మేమున్నామని మీకు తెలియదనీ తెలుసు." ఆమె తువ్వాలు కొసను మెలిపెడుతోంది. "బతికున్నారా?"

"తుంటి విరిగింది. ఇంట్లో ఉన్నాడు."

"పోయారేమో అనుకున్నానండీ. ఎవర్నని అడగను? తిట్టండి. పడతాను."

పేర్చుకొచ్చిన మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఈలోగా ఆ పిల్ల బండి చుట్టూ తిరిగి, అలవాటైన కాలుతో వెనక ఎక్కేసింది. "ఇరుగ్గా ఉంది. ఇదివరకు బాగుండేది," అని తల్లివైపు చూసింది. "అమ్మా, ఈవిణ్ణేమనాలి?"

తల్లి తలొంచుకుంది. "పెద్దమ్మ అను."

"పెద్దమ్మా, కాళ్ళు పట్టట్లేదు."

నలభై మూడేళ్ళొచ్చాయి ఆవిడకి. ఏ రకంగానూ ఏ పిల్లా అమ్మ అని పిలవలేదు. పనిముట్ల సంచీ తీసి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తడి పాదాల పక్కన బోల్టులు వదులు చేసి, ఫుట్‌రెస్టులు ఆరో బెజ్జంలోకి దించి బిగించింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుంది."

కొలను చుట్టూ రెండుసార్లు తిప్పింది. పిల్ల ఆవిడ నడుం చుట్టూ చేతులేసి గట్టిగా పట్టుకుంది. తడి జుట్టుకి ఆవిడ వీపంతా తడిసిపోయింది. "నాన్న ఎప్పుడొస్తారు?" అని చెవిలో అరిచింది. ఆవిడ బండిని మలుపు తిప్పింది. "పోనీ వచ్చే శనివారం నువ్వొస్తావా?" అంది పిల్ల.

"వస్తాను," అంది.

ఇంటికొచ్చేసరికి ఆయన వాకర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కుర్చీ నుంచి అక్కడిదాకా తనంతట తను నడవడం అదే మొదటిసారి. చెమటలు కారిపోతున్నాయి.

"చూశావా?"

"ఊఁ."

"నన్నడిగిందా?"

ఆవిడ బూట్లు విప్పుకుంటోంది.

"తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి. ఒక్కటి చెప్పు చాలు. ఎంత పొడుగైంది?"

ఒక బెజ్జానికీ ఇంకో బెజ్జానికీ మధ్య ఇరవై రెండు మిల్లీమీటర్లు. ఆవిడ వేళ్ళకి ఆ కొలత ఇంకా తెలుస్తూనే ఉంది.

"గమనించలేదు," అని లోపలికెళ్ళి, చేతులకంటిన గ్రీజు కడుక్కుంది.

పై శనివారం కూడా ఆయన గుమ్మంలోకొచ్చి అదే అడిగాడు. ఆవిడ అదే చెప్పింది.