బల్ల దిగిన డేగ

గంగులు తన పుంజుకు పేరు పెట్టలేదు. పేరంటూ ఉంటే పిలవాలి, పిలిస్తే పక్కింటికి వినబడుతుంది, వినబడితే చూడ్డానికి వస్తారు, చూస్తే దిష్టి తగులుతుంది. ఇదీ మన గంగులు లెక్క. నర్సీపట్నంలో బోరు మోటార్లకి వైండింగ్ చేస్తాడు. రాగితీగ చుట్టడంలో ఒక్క చుట్టు తప్పడు గానీ, ఈ లెక్క దగ్గర మాత్రం బొక్కబోర్లా పడ్డాడు.

బలిఘట్టం వెళ్ళే రోడ్డులో అతనిది చిన్న ఇల్లు, వెనక పెరడు. భార్య దేవుడమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి అరుగు ఖాళీగా ఉన్నది లేదు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు, పనేమీ లేక వచ్చినవాళ్ళు, దారిన పోతూ కాసేపు కూలబడినవాళ్ళు. గంగులు తన కోళ్ళ గొప్ప చెప్పుకుంటుంటే వాళ్ళంతా తలాడించేవారు. దేవుడమ్మ జ్వరంతో పోయింది. పెద్దకర్మ దాకా జనం వచ్చారు, ఆ తరవాత రాలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళు ఆవిడ కోసమే వచ్చారనీ, తన కబుర్లు ఆవిడ మొహం చూసి విన్నారనీ అప్పటికి గాని గంగులుకి తెలిసిరాలేదు. పిల్లాజెల్లా లేరు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లో తన చెప్పుల చప్పుడు తప్ప ఇంకొకటి లేదు.

ఒకసారి నాతవరంలో మోటారు బిగించడానికి వెళ్ళాడు. ఆ ఇంటాయన అప్పలరాజు కోడికి అందాల పోటీలో కప్పొచ్చింది. పందెం కాదండోయ్, కత్తి కట్టడాలు, రక్తాలు ఏమీ లేవు. చిలకముక్కు కోళ్ళని బల్ల మీద నిలబెట్టి ముక్కు, కన్ను, మెడ, కాళ్ళు, తోక చూసి మార్కులేస్తారు. అప్పలరాజు వాకిట్లో ఎంత జనమో! గుడ్లు అడిగేవాళ్ళు, పిల్లలు అడిగేవాళ్ళు, ఫొటోలు తీసుకునేవాళ్ళు, ఊరికే టీ తాగి పోయేవాళ్ళు. గంగులు పానా చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ నిలబడిపోయాడు. కప్పొస్తే జనం వస్తారు. అదే అతని మనసులో నాటుకుపోయింది. కప్పు కోసం కాదు, ఆ అరుగు మళ్ళీ నిండాలని ఆశ.

ఇక మొదలుపెట్టాడు. ముక్కు బాగా వంగిన పెట్టను తెచ్చాడు, దానికి నేల దాకా తోక దిగిన పుంజును వేశాడు. ఎన్ని పొదుగులు పొదిగించాడో. ముక్కు తిన్నగా ఉన్నది సంతకి, కన్ను ఎర్రగా ఉన్నది సంతకి, కాళ్ళ మధ్య ఎడం లేనిది సంతకి. ఆఖరికి ఒక పిల్ల తేలింది. చక్కటి ముక్కు, తెల్లటి కన్ను, ఎర్రటి ఈకల లేత డేగ రంగు. సరిగ్గా అప్పుడే వచ్చింది లోవలక్ష్మి.

లోవలక్ష్మిది సందు మొదట్లో టీకొట్టు. దేవుడమ్మకి నేస్తం. కోళ్ళకని మిగిలిన మెతుకులు తెచ్చి, ఆ పిల్లని చేతిలోకి తీసుకుని, ఎంత సక్కగున్నాదో అని ముద్దు చేసింది. ఆ వారంలో వీధంతా కోళ్ళకి కొక్కెర తెగులు తిరిగింది, ఆ పిల్లా పోయింది. తెగులని గంగులుకి తెలియక కాదు, కానీ మనసు దిష్టి వైపే లాగింది. మళ్ళీ అంతటి డేగ పిల్ల, దాని తమ్ముడే, ఇంకో పొదుగులో తేలేసరికి పెరడు చుట్టూ ఆకుపచ్చ వల కట్టించి గేటుకి గొళ్ళెం వేశాడు. లోవలక్ష్మి మెతుకులు తెస్తే గేటు మీంచే అందుకున్నాడు. ఒక్కసారి సూడనీ అన్నియ్యా అని ఆవిడ అడిగితే పోటీ అయ్యాక చూద్దువులే అన్నాడు. ఆవిడ మెతుకులు తేవడం మానేసింది. మానదూ మరి?

పుంజు మాత్రం పెరిగింది. చోళ్ళు, గంట్లు లాంటి గింజలు, ఉడకబెట్టిన గుడ్డు, ఒక్కటీ తక్కువ చెయ్యలేదు. తోక చివర్లు నేలకి రాసుకుని అరక్కుండా అది ఎక్కి కూర్చోడానికి ఎత్తుగా కర్ర కట్టాడు. పొద్దున్నే దాన్ని స్టూలు మీద నిలబెట్టి, జడ్జీలాగా చుట్టూ తిరుగుతూ పైకే చెప్పేవాడు. ముక్కు బాగుంది, కన్ను బాగుంది, తోకకి ఇంకాస్త టైముంది. చాలా రోజుల్లో అతను నోరు విప్పి మాట్లాడిన మాటలు అవే. పుంజు కూడా మెడ వంచి శ్రద్ధగా వినేది.

పోటీ రోలుగుంట రోడ్డులో ఒక తోటలో పెట్టారు. జడ్జీ నారాయణమూర్తిగారు, పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. గంగులు కోడి బల్ల మీదికి రాగానే ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు. ముక్కు చూసి తలాడించారు, తోక వేళ్ళతో దువ్వి పక్కాయనకి చూపించారు. జనం చుట్టూ కట్టిన తాడు మీదికి ఒరిగి మరీ చూశారు. ఎవరిదండీ, ఎవరిదండీ అన్నారు. గంగులుకి గుండె నిండిపోయింది. ఇంటి అరుగు మీద జనానికి చాప పరిచినట్టే ఉంది.

మిగిలింది నిలకడ ఒక్కటే. యజమాని తాడు అవతలికి పోవాలి. కోడి ఒంటరిగా బల్ల మీద ఛాతీ విరుచుకుని నిలబడాలి. గంగులు తాడు దాటాడు. పుంజు మెడ తిప్పి వెతికింది. చుట్టూ ఎప్పుడూ చూడని మొహాలు. తోక జారేసి కుంచించుకుపోయింది. నారాయణమూర్తిగారు చెయ్యి వెయ్యబోతే బల్ల మీంచి దూకి, ఎగరలేదు, పారిపోలేదు, జనం కాళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ నేరుగా వచ్చి గంగులు పాదాల దగ్గర నిలబడింది. అక్కడ మాత్రం ఛాతీ విరిచింది.

జనం గొల్లున నవ్వారు. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ అలాగే వచ్చింది. నారాయణమూర్తిగారు నవ్వలేదు. గంగులుని పక్కకి పిలిచి, "ఇంత మంచి కోడిని నేను చూడలేదు గంగులూ. కానీ దీనికి నువ్వు తప్ప మనిషంటే తెలీదు. ఏం చేశావయ్యా దీన్ని?" అన్నారు.

గంగులు వంగి పుంజును ఎత్తుకున్నాడు. ఆటోలో పుంజును ఒళ్ళో పెట్టుకుని ఇంటికొస్తుంటే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. కప్పు పోయినందుకు కాదు. ఇంత లోకంలో తన వెనక నడిచొచ్చే ప్రాణి అదొక్కటే, దాన్ని కూడా తనలాగే చేసి పెట్టాడు.

మర్నాడు వల విప్పేశాడు. సాయంత్రం పుంజును చంకన పెట్టుకుని టీకొట్టుకి వెళ్ళి, లోపలికి పోకుండా గుమ్మం పక్కన నిలబడ్డాడు. లోవలక్ష్మి గిన్నెలో టీ కలుపుతూనే చూసింది.

"ఏటన్నియ్యా, అమ్మీడానికా?"

"కాదు. నలుగురిలో అలవాటవ్వాలని."

"ఎవులికి? కోడికా, నీకా?"

గంగులు చంకలోని పుంజును సర్దుకున్నాడు. "ఇద్దరికీనమ్మా," అన్నాడు.

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని ముందుకి చాపింది. గంగులు ఒక్క క్షణం తటపటాయించాడు. తరవాత పుంజును ఆ చేతుల్లో పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు. అది గింజుకుంది, మెడ సాచి గంగులు వైపే చూసింది. అతను ఎక్కడికీ పోవడం లేదని చూశాక, మెల్లగా సద్దుమణిగింది. తను లేస్తే అదీ దిగిపోతుందని, ఆవిడ ఒక చేత్తో అందించిన టీ తాగడం అయిపోయినా, చీకటి పడుతున్నా, గంగులు ఆ బెంచీ మీంచి లేవలేదు.