తీరం వెంట మధులత

అమీర్‌పేట హాస్టళ్ల సందులో మధులత, విజయేందర్ దంపతుల కర్రీ పాయింట్ చాలా ఏళ్లుగా నడుస్తోంది. పండగ రోజు కూడా మూసింది లేదు. ఈ జనవరిలో మాత్రం డ్రైనేజీ పైపుల కోసం సందంతా తవ్వేశారు. వారం దాకా షట్టర్ ఎత్తే వీలు లేకుండా పోయింది.

వాళ్ల దగ్గర రోజూ పప్పు, కూర తీసుకెళ్లే యూనిస్ ఆ మాట విని ఎగిరి గంతేసింది. ఆ అమ్మాయి స్నేహితులంతా కలిసి చీరాల దగ్గర వాడరేవు నుంచి సూర్యలంక వైపు సముద్రం ఒడ్డునే నాలుగు రోజులు నడవబోతున్నారు. రాత్రిళ్లు జాలర్ల పాకల్లో పడుకుంటారు.

"మా వాళ్లల్ల ఇద్దరు రాలేమన్నరు అక్కా. అన్నను తీస్కొని మీరు రండి."

"పొద్దంత నిలబడే కాళ్లు. మల్ల నడుసుడెందుకు?" అని నవ్వాడు విజయేందర్. మధులత అప్పటికే బట్టలు సర్దుతోంది. ఆమె ఇంతవరకూ సముద్రం చూడలేదు.

మొదటి రోజు హాయిగా గడిచింది. తాటాకు పాకలో ఇసుక మీద చాపేసుకుని ఇద్దరూ ఒళ్లెరగకుండా నిద్రపోయారు. రెండో రోజు మధ్యాహ్నానికి, పంజాగుట్టలో కొన్న కొత్త బూట్లు విజయేందర్ మడమను కొరికేశాయి. బొబ్బ పగిలింది.

"ఇగ నాతోని కాదు. ఆటో ఎక్కి పోదాం పా" అన్నాడు.

మధులత గాయం కడిగి గుడ్డ కట్టింది. "నువ్వు ఆటోల పో. నేను నడుస్త."

ఆమె అలా అంటుందని అతను అనుకోలేదు. మొహం మాడ్చుకుని ఆటో ఎక్కాడు.

ఆ రాత్రి బస చేయాల్సిన పాక వజ్రమ్మది. ఆమె చేపలు కడుగుతోంది. విజయేందర్ కాసేపు అరుగు మీద ఊరికే కూర్చున్నాడు గానీ చేతులు ఊరుకోలేదు.

"ఇంతమందికి ఎసరు ఎంత పొయ్యాలో తెలీట్లేదు అన్నయ్యగారూ" అంది వజ్రమ్మ.

"జర జరుగమ్మా. అది మా పనే."

అన్నం వార్చి బయటికొచ్చేసరికి ఎండ వాలింది. దూరంగా ఒడ్డున మనుషులు కనిపించారు. అందరికంటే ముందు, నురగలో అడుగులు వేస్తూ, యూనిస్‌తో చేతులు తిప్పుతూ మాట్లాడుతూ వస్తోంది మధులత. కౌంటర్ వెనక రోజంతా పక్కపక్కనే నిలబడతారు. ఆమెను ఇంత దూరం నుంచి అతను ఎన్నడూ చూడలేదు. అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాడు. కోపం ఎప్పుడు పోయిందో తెలియదు.

"మధ్యల వాగొచ్చింది. నడుముల్దాక నీళ్లు! భయమైంది గని దాటిన" అంది ఆమె రొప్పుతూ.

"నేనుంటే చెయ్యి పట్టుకుంటుంటి."

"నువ్వుంటే దాటనియ్యకపోతుంటివి."

విజయేందర్ కంచం తీశాడు. "గది నిజమే" అని ఒప్పుకున్నాడు. "కూసో. తిందువు గని." వేడి అన్నం, చేపల పులుసు ముందుగా ఆమెకే వడ్డించాడు.

మూడో రోజూ అతను ఆటోలోనే వెళ్లి వంట చేసి పెట్టాడు. చివరి రోజు మాత్రం వట్టి కాళ్లతో, మెల్లగా, ఆమె పక్కనే నడిచాడు. సూర్యలంకకు అందరికంటే వెనక చేరింది వాళ్లిద్దరే.

ఇప్పుడు ఆదివారాలు కర్రీ పాయింట్ మూసే ఉంటోంది. హాస్టల్ పిల్లలు సణుగుతున్నారు. మధులత పొద్దున్నే యూనిస్‌తో నడకకు పోతుంది. విజయేందర్ తొమ్మిది దాకా పడుకుని, లేచి, వాళ్లిద్దరికీ అన్నం వండుతాడు.